తల్లికుక్కను ఎన్నుకొనుట ఎట్లు?

కొన్ని నెలల క్రిందట ఒక శ్రోత మాకొక ఉత్తరము వ్రాసిరి. వారు ఒక పట్టణమున చిన్న ఉద్యోగి. ఇంటిలో పిల్లల ముచ్చట తీరును, ఏటేటా కొన్ని కూనలను అమ్మి నాలుగు రూపాయలు వెనుక వేసికొనవచ్చును అను ఆశతో పగ్ జాతి ఆడుకుక్క నొకదానిని మంచి ధర పెట్టి కొనిరి. ముక్కు ఎంత అణగియుండునో, తల ఎంత గుండ్రముగా నుండునో అంత మేలిజాతి యని అమ్మినవారు చెప్పిరట. అట్టి లక్షణములే గల మగకుక్కను వెదకి జత కలిపిరి. దినములు నిండినవి. రాత్రి మొదలైన నొప్పులు తెల్లవారినను తీరలేదు. పశువైద్యుడు కడుపు కోసి మూడు కూనలను తీసెను, ఒకటి బ్రదికెను. మరుసటి యేడు మరల అదే జత, అదే బాధ. ఈసారి కూనలు రెండు దక్కినవి గాని తల్లి దక్కలేదు. ఉత్తరము చివర వారు అడిగినది ఇది: "అయ్యా, ఆ కుక్కను కొనునాడు మేము చూడవలసినది ఏమి? చూడకపోయినది ఏమి?"

ఈ ప్రశ్నను మేము తేలికగా ప్రక్కన పెట్టలేకపోతిమి. కుక్కలను పెంచువారి నుండి మాకు వచ్చెడి ఉత్తరములలో మగకుక్కను గూర్చిన ప్రశ్నలే హెచ్చు. ఏ మగకుక్క మంచిది, ఎక్కడ దొరకును, దానికి ఎన్ని బహుమతులు వచ్చినవి, జతకు ఎంత పుచ్చుకొందురు అని అడుగుదురు. ఆడుకుక్కను గూర్చి అడుగువారు అరుదు. ఇంటిలో ఏది యున్నదో అదియే తల్లి. నేటి ప్రసంగమున ఆ క్రమమును మార్చి, ముందుగా తల్లి శరీర నిర్మాణమును పరీక్షించు విధమును వివరింపదలచితిమి. మేము పశువైద్యులము కాము. వైద్యులు చెప్పిన దానిని, అనుభవజ్ఞులైన పెంపకందారులు చూపిన దానిని శ్రోతలకు సులభముగా అందునట్లు కూర్చి చెప్పుటయే మా పని.

"తల్లి చాలు పిల్లకు తప్పుతుందా" అని మన సామెత. శాస్త్రము దీనినే లెక్కతో చెప్పును. కుక్క శరీరమందలి కణములలో 78 క్రోమోజోములుండును. వానిలో 39 తల్లినుండి, 39 తండ్రినుండి వచ్చినవి. వంశలక్షణముల పంపకమున ఇరువురిది సమభాగమన్నమాట. కాని తల్లి వంతు అంతటితో ముగియదు. కణమునకు శక్తిని సమకూర్చు మైటోకాండ్రియాల జన్యువులు తల్లినుండియే సంక్రమించును. సుమారు 63 దినములు కూన పెరుగునది తల్లి గర్భముననే. పుట్టిన మొదటి దినమున రోగములను ఎదిరించు శక్తినిచ్చు ముఱ్ఱుపాలు తల్లివే. కన్నులు తెఱచుటకు పట్టు రెండు వారములు కూనకు వెచ్చదనము తల్లి ప్రక్కనే. క్రొత్త మనిషిని చూచి తోక ఊపవలెనో, పండ్లు బయటపెట్టవలెనో కూన మొదట నేర్చుకొనునది తల్లిని చూచియే. పేరుపొందిన మగకుక్కకు ఒక్క యేటనే ఎన్నో జతలు కుదురవచ్చును. ఆడుకుక్కకు జీవితమంతయు కలిపి కొలది ఈతలే. ఆ కొలది ఈతలు సుఖముగా జరుగుటకు తగిన శరీరము దానికి ఉన్నదా లేదా అని చూడకుండుట ఎట్టి వివేకము?

మన రైతు ఒంగోలు ఆవును కొనబోవునపుడు కొమ్ములు, మూపురము చూచి ఊరకుండడు. వెనుకకు వెళ్లి పిర్ర వెడల్పు చూచును. పొదుగు నిమురును. చన్నులు పరీక్షించును. నాలుగడుగులు నడిపించి చూచును. ఎన్ని ఈతలు ఈనినది, ఎట్లు ఈనినది అని అడుగును. ఆ రైతే కుక్కను కొనునపుడు మాత్రము ముఖము చూచి డబ్బు లెక్కపెట్టును. ఆవు కడ నేర్చిన చూపును కుక్క కడ మరచుటయే మన పొరపాటు.

దీనిని విశదపఱచుటకు మన దేశపు జాతి నొకదానిని ఉదాహరణముగా తీసికొందము. అది ముధోల్ వేటకుక్క. ముధోల్ అనగానే మన నిర్మల్ జిల్లాలోని ముధోల్ కొందఱికి జ్ఞప్తికి రావచ్చును. ఇది అది కాదు. కర్ణాటక రాష్ట్రమున బాగల్‌కోట జిల్లాలో ఒకప్పుడు ఒక సంస్థానముండెను; దాని పేరే ఈ కుక్కకు వచ్చినది. ఆ సంస్థానాధిపతులైన ఘోర్పడేలు, ముఖ్యముగా మాలోజీరావు ఘోర్పడే, ఈ జాతిని ఆదరించి వృద్ధి చేసిరి. దక్కను పల్లెలలో దీనిని కార్వానీ యనియు పిలుతురు. 2005లో మన తపాలాశాఖ దేశీయ కుక్కలపై వెలువరించిన నాలుగు బిళ్లలలో దీనికొకటి దక్కినది. 2016లో భారత సైన్యము ఈ జాతి కూనలను మీరట్‌లోని తన కేంద్రమునకు శిక్షణ కొఱకు తీసికొనిపోయెను.

దీని ఆకారము చూచినవారు మరువలేరు. పొడవైన సన్నని తల, లోతైన రొమ్ము, పైకి లాగికొన్నట్లున్న కడుపు, బలమైన తొడలు, పొడవైన తోక. ఆడుకుక్క ఎత్తు భుజము కడ సుమారు 64 మొదలు 68 సెంటీమీటర్లు. మగది మఱి నాలుగు సెంటీమీటర్లు హెచ్చు. ఈ ఆకారమును ఎవరును కాగితముపై గీసి తయారుచేయలేదు. మెట్టపొలములలో కుందేలు వెంట పరుగెత్తుట దీనిని తీర్చిదిద్దినది. భుజము సరిగాలేని కుక్క వెనుకబడెను. రొమ్ము లోతులేనిది రొప్పి ఆగిపోయెను. ఒంటరిగా గొడ్లపాకలో ఈనలేని తల్లికి సంతానము మిగులలేదు. పెంపకందారుడు ఏ గ్రంథమును చదువకపోయినను, పనియే అతనికి తల్లిని ఎన్నిపెట్టెను.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. వేట నిషిద్ధమాయెను. అది న్యాయమే; అడవి మృగములను కాపాడుకొనుట మన ధర్మము. కాని కుక్కల విషయమున దాని ఫలిత మొకటి కలదు. ఇంతవఱకు పని చేసిన పరీక్షను ఇకమీదట మన కన్ను చేయవలెను. కన్ను నేర్పులేనిదైనచో జాతి క్రమముగా చెడును.

ఇట్లు చెడిన ఉదాహరణము మఱియొక దేశమున స్పష్టముగా కనబడుచున్నది. ఇంగ్లండులో ఒకప్పుడు ఎద్దులపైకి కుక్కలను ఉసికొల్పి వినోదించుచుండిరి. అందుకు పెంచబడినదే బుల్‌డాగ్. 1835లో ఆ క్రూర క్రీడను చట్టము నిషేధించెను. 1859లో న్యూకాజిల్ పట్టణమున కుక్కల ప్రదర్శన జరిగెను. 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడెను. పని పోయి ప్రదర్శన వచ్చినది. పెద్ద తల బుల్‌డాగ్‌కు శోభ అనిరి. తరువాతి తరమున మఱికొంత పెద్ద తల కలదానికి బహుమతి నిచ్చిరి. వెడల్పు భుజములు మెచ్చిరి. మఱికొంత వెడల్పు కోరిరి. ఎవరును కీడు తలపెట్టలేదు. ఒక్కొక్క తరమున ఒక్కొక్క మెట్టు. తుదకు కూన తల, భుజములు పెద్దవి. తల్లి కటి ఎముకల నడిమి త్రోవ ఇఱుకు. బ్రిటనులో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితములు 2010లో వెలువడినవి. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెరియర్ అను మూడు జాతులలోను నూటికి ఎనుబదికి పైగా ఈతలు కడుపు కోసియే జరిగినవని అందు తేలెను. సహజముగా ఈనలేని జాతి మనుష్యుని కత్తి లేక ఒక్క తరము నిలువదు.

మన పట్టణములలో పగ్ జాతి వ్యాపించిన తీరు శ్రోతలకు తెలిసినదే. 2003లో ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో ఒక బాలుని వెంట నడచిన చిన్న కుక్కను చూచి ఇంటింట దానిని కోరినవారెందఱో. ఆ కుక్క చేసిన తప్పేమియు లేదు. ముఖమును మాత్రమే చూచి కొనుట, ముఖమును మాత్రమే చూచి జత కలుపుట, ఇవి మన తప్పులు.

అట్లయిన తల్లికుక్కలో చూడవలసిన దేమి? ముందుగా చూచు పద్ధతి. కుక్కను చదునైన నేలపై, ఎవరును పట్టి నిలువబెట్టక, దానంతట అది నిలుచునట్లు చేయవలెను. ప్రక్కనుండి, ముందునుండి, వెనుకనుండి, పైనుండి చూడవలెను. పిదప నడిపించి, పరుగెత్తించి చూడవలెను. ఆ తరువాతనే చేతితో తడవవలెను. ఒక్కనాటి చూపు చాలదు; రెండు మూడు మారులు, వేఱువేఱు వేళల వెళ్లి చూచుట మేలు.

మొదట నడుము వెనుక భాగము. పిర్ర వెడల్పుగా, కొంచెము మాత్రమే వాలియుండవలెను. పిర్ర మిక్కిలి ఇఱుకైనను, తోక మొదలు కడ ఒక్కసారిగా క్రిందికి కుంగినను, కటి ఎముకల నిర్మాణమును వైద్యునిచే పరీక్షింపజేయవలెను. కూన వెలుపలికి వచ్చు త్రోవ ఆ ఎముకల నడుమనే కలదు. ఎముక మాంసమువలె సాగదు. కావున ఇచ్చటి లోపము మంచి మేతతో గాని, మందుతో గాని తీరునది కాదు.

రెండవది వీపు పొడవు. పెక్కు జాతుల ప్రమాణములలో మగకుక్క కంటె ఆడుకుక్క వీపు ఒకింత పొడవుగా నుండుటను దోషముగా నెంచరు. కూనలు పెరుగుటకు చోటు కావలెను గదా. అయితే ఆ పొడవు ఎక్కడ నున్నదో గమనింపవలెను. ప్రక్కటెముకల గూడు వెనుకకు సాగి పొడవు వచ్చినచో అది బలము. ప్రక్కటెముకలు త్వరగా ముగిసి, వానికి పిర్రకు నడుమ భాగమే సాగినచో అది బలహీనత. అట్టి కుక్క చూలుతో నున్నపుడు కడుపు బరువునకు వీపు వంగును. చేతిని వీపుపై నుంచి కొంచెము అదిమినచో బలమైన నడుము గట్టిగా నిలుచును, బలహీనమైనది కుంగును.

మూడవది రొమ్ము. నిండు చూలున గర్భము ముందుకు జరిగి, రొమ్మునకు ఉదరమునకు నడుమనున్న పొరను నెట్టును. ఊపిరితిత్తులకు చోటు తగ్గును. అంతకుముందే రొమ్ము ఇఱుకైనచో మన వేసవిలో ఆ తల్లి పడు ఆయాసము చెప్పనలవి కాదు. ముధోల్ వంటి వేటకుక్కలలో రొమ్ము వెడల్పు తక్కువైనను లోతు హెచ్చు. అది మోచేతి వఱకు దిగియుండవలెను. జాతిని బట్టి రూపము మారును గాని, చోటు ఉండవలెనను నియమము మారదు.

నాలుగవది కాళ్లు, నడక. ముందునుండి చూచినపుడు ముంగాళ్లు తిన్నగా నుండవలెను. వెనుకనుండి చూచినపుడు వెనుకకాళ్ల మడమలు ఒకదానితో నొకటి రాచుకొనరాదు. ముందు భాగపు వంపులకు, వెనుక భాగపు వంపులకు పొందిక యుండవలెను. వెనుకకాళ్లు ఎంత తోసినను ముందు భుజము ఆ తోపును అందుకొనలేనిచో నడక చెడును. నిలిచి యున్నపుడు దాగిన లోపము నడచునపుడు బయటపడును. కావున చాయాచిత్రము చూచి తల్లికుక్కను నిర్ణయింపవలదని మా మనవి.

ఐదవది నోరు. ఇది పెక్కుమంది తలపనిది. కూన పొరతో చుట్టబడి పుట్టును. ఆ పొరను చించునది, బొడ్డుత్రాడును కొఱుకునది తల్లి పండ్లే. పై పండ్లు క్రింది పండ్లను కత్తెరవలె కప్పియున్నచో ఈ పని క్షణములో ముగియును. క్రింది దవడ మిక్కిలి ముందుకు పొడుచుకొని వచ్చినచో తల్లి తడబడును. మనుష్యుడు కడ లేనిచో కూన ఊపిరాడక పోవచ్చును. అణగిన ముక్కు గల తల్లికి ఈ కష్టమునకు తోడు తన ఊపిరియే కష్టము.

ఆఱవది చన్నులు. ఆడుకుక్కకు సాధారణముగా ఎనిమిది మొదలు పది చన్నులుండును. అవి ఎడము ఎడముగా, రెండు వరుసలలో పొందికగా నుండవలెను. లోపలికి ముడుచుకొనిపోయిన మొనను కూన పట్టుకొనలేదు. వెల్లకిల పరుండబెట్టి ఒక్కొక్కదానిని చేతితో తడవి చూచుట అవసరము. గడ్డ యేదైన తగిలినచో వెంటనే వైద్యునికి చూపవలెను.

ఏడవది కండ. ప్రక్కటెముకలు కంటికి గుచ్చుకొనునట్లు కనబడరాదు. చేతికి తేలికగా తగులవలెను. బలిసిన ఆడుకుక్క సుఖముగా నున్నదని మనము మురియుదుము. కాని క్రొవ్వు పట్టినదానికి చూలు నిలుచుట తగ్గును, ఈనుట కష్టమగును. వేటకుక్కలు స్వభావముచేతనే సన్ననివి. వానిని పమేరియన్‌వలె గుండ్రముగా మేపుట వాని నిర్మాణమునకే విరుద్ధము.

ఎనిమిదవది స్వభావము. శరీరమును గూర్చి చెప్పుచు స్వభావము నేల తెచ్చితిరని శ్రోతలు అడుగవచ్చును. భయపడు తల్లి వణకును, కూనలను త్రొక్కును, ఒక్కొక్కప్పుడు కఱచును. నిలుకడ గల శరీరము, నిలుకడ గల మనస్సు కలిసియున్న తల్లియే మంచి తల్లి. కొనబోవునపుడు కుక్క ఒక మూలకు ఒదిగియున్నచో, అమ్మువారు "క్రొత్తవారిని చూచి సిగ్గుపడుచున్నది" అన్నచో, మరల మఱియొకనాడు వెళ్లి చూడవలెను.

ఇంతవఱకు కంటికి, చేతికి అందునవి. అందనివి కొన్ని కలవు. అల్సేషన్, లాబ్రడార్ వంటి పెద్ద జాతులలో తుంటి కీలు వదులగు వ్యాధి వంశపారంపర్యముగా వచ్చును. బాల్యమున చక్కగా గంతులు వేసిన కుక్క నడివయస్సున లేవలేక పోవును. దీనిని ఎక్స్‌రే తీసియే తెలిసికొనవలెను. ఇందుకై అమెరికాలో 1966లో ఒక సంస్థ ఏర్పడినది. కుక్కకు 24 నెలలు నిండనిదే వారు తుది ధ్రువపత్ర మీయరు. అట్లే తెల్లని జాతులలో పుట్టుచెవుడు కనబడును. మన రాజపాళయము కుక్కలలోను ఇది కలదు. నిదురించు కుక్క వెనుక నిలిచి, గాలి తగులకుండ, చప్పట్లు కొట్టి చూచినచో కొంత తెలియును. ఒక్క చెవి మాత్రమే వినబడనిచో దానిని వైద్యుని యంత్రమే పట్టగలదు. శరీరము అందమైనదే అయినను ఇట్టి దోషము గలదానిని తల్లిగా ఎన్నుకొనుట తగదు.

పిదప చూడవలసినది కుటుంబము. ఆడుకుక్క ఎట్లున్నదని మాత్రమే కాక, దాని తల్లి ఎట్లు ఈనెను, తోబుట్టువులు ఎట్లు ఈనినవి, ఎన్ని కూనలు దక్కినవి అని అడుగవలెను. మూడు తరములు సహజముగా ఈనిన ఇంటి పిల్లను, కొంచెము చెవి వ్రేలినను, రంగు తక్కువైనను, మేము ముందుగా ఎన్నుకొందుము. పెంపకందారుడు ఈతల లెక్కను పుస్తకమున వ్రాసియుంచినచో, ఆ పుస్తకము గోడపై వ్రేలాడు బహుమతి పత్రముల కంటె విలువైనది.

మగకుక్కను అప్పుడు వెదకవలెను. తల్లిలో నడుము మిక్కిలి పొడవైనచో, మిక్కిలి పొట్టి నడుము గల మగదానిని తెచ్చినచో రెండును సరిపోవునని కొందఱు తలచుదురు. వంశలక్షణములు పాలు నీళ్లవలె కలియవు. కూనలలో కొన్ని పొడవు, కొన్ని పొట్టి, కొన్ని పొందికలేనివి పుట్టును. ఆ విషయమున సరియైన నిర్మాణము గల మగదానినే ఎన్నుకొనవలెను. దగ్గఱి రక్తమును కలుపుటలోను జాగ్రత్త కావలెను. ఒక జన్యువునకు తల్లివైపునుండియు, తండ్రివైపునుండియు ఒకే పూర్వికుని నకలు కూనకు వచ్చు అవకాశమును లెక్కకట్టినచో, తోబుట్టువుల జతలో అది నూటికి 25, ఒక తల్లికో ఒక తండ్రికో మాత్రమే పుట్టినవారి జతలో 12.5, అన్నదమ్ముల బిడ్డల జతలో 6.25. ఒకే గ్రామమున, ఒకే మగకుక్కతో తరతరములుగా జతలు జరిగినచో ఈ లెక్క తెలియకుండగనే పెరుగును. దాగియున్న రోగములు అట్టి యిండ్లలోనే బయటపడును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మేము చెప్పిన యెనిమిది విషయములలో ఏ ఒక్కటి తక్కువైనను ఆ కుక్కను త్రోసివేయవలెనని శ్రోతలు భావింపరాదు. మన కొల్లేటి ప్రాంతమున బాతుల మందలకు కాపుగా తిరిగిన జోనంగి కుక్కను తలచుకొనుడు. శరీరమునకు అంటుకొన్నట్లుండు పొట్టి వెండ్రుకలు, నొసటి ముడుతలు గల ఆ జాతి నేడు చాల అరుదు. ఉన్నవే కొలదియైనపుడు, చెవి నిలువలేదని, రంగు నచ్చలేదని ఆడుకుక్కలను విడిచిపెట్టుచు పోయినచో మిగిలిన రెండు మూడింటి సంతానమే జాతియగును. వాని దాగిన దోషములే జాతి దోషములగును. కనుక లోపములను రెండు రాసులుగా విడదీయవలెను. ఈనుటకు, ఊపిరికి, నడకకు, పాలకు, స్వభావమునకు అడ్డుపడునవి ఒక రాశి. రంగు, చెవి, తోక వంపు వంటివి మఱియొక రాశి. మొదటి రాశిలో కఠినముగా నుండవలెను. రెండవ రాశిలో ఉదారముగా నుండవలెను. ప్రదర్శనలకు అలవాటుపడిన కన్ను దీనికి తలక్రిందులుగా చేయును.

మఱియొక అపోహను గూర్చియు ఒక మాట. జాతి ఆడుకుక్కకు ఒకమారు వీధికుక్కతో జత కలిసినచో ఇక దాని కడుపు చెడినదనియు, ఆ మీదటి ఈతలన్నిటను ఆ వీధికుక్క పోలికలు వచ్చుననియు నమ్మువారు నేటికిని కలరు. ఆ కారణముచేత మంచి తల్లులను విడిచిపెట్టుదురు. ఈ నమ్మకము మన దేశమున మాత్రమే లేదు. 1820 ప్రాంతమున మోర్టన్ ప్రభువను స్కాట్లండు కులీనుని గుఱ్ఱమును గూర్చి ఇట్టి కథయే విద్వత్సభల కెక్కినది. ఆయన ఆడుగుఱ్ఱమునకు క్వాగా అను చారల మృగముతో ఒకమారు జత కలిపిరి. తరువాత మేలిజాతి మగగుఱ్ఱమువలన దానికి పుట్టిన పిల్లలకును చారలు కనబడినవి. డార్విను వంటి మహనీయుడు కూడ దీనిని నమ్మెను. ఆ శతాబ్ది చివర ఎడింబరో ఆచార్యుడు కోసార్ ఈవర్ట్ జీబ్రాతో, గుఱ్ఱములతో ప్రయోగములు చేసి, 1899లో తన గ్రంథమును ప్రకటించెను. పూర్వపు జత ప్రభావము తరువాతి సంతానమునకు రాదనియే అందలి ఫలితము. గుఱ్ఱపుపిల్లలకు ఎట్టి క్వాగా సంబంధము లేకయే లేతచారలు కలుగుట కలదు. అయితే ఒకే ఎదలో రెండు మగకుక్కలతో కలిసినచో ఒకే ఈతలో ఇద్దఱి కూనలును పుట్టవచ్చును. ఆ ఈత మాత్రమే సందేహాస్పదము, తల్లి కాదు.

తుదకు వయస్సు. ఎదకు వచ్చినంత మాత్రమున తల్లి కాదగినదని తలపరాదు. చిన్న జాతులు ఆఱు నెలలకే ఎదకు రావచ్చును. అప్పటికి దాని ఎముకలే పూర్తిగా గట్టిపడవు. 2017లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము కుక్కల పెంపకమును వృత్తిగా గలవారు 18 నెలలు నిండని ఆడుకుక్కను జత కలుపరాదు. వెంటవెంట వచ్చు రెండు ఎదలలోను కలుపరాదు. ఎనిమిది వారములు నిండని కూనను అమ్మరాదు. ఇంటిలో ఒక్క కుక్కను పెంచుకొనువారును ఈ హద్దులను పాటించుట మేలు. ఈనిన తల్లి తిరిగి కండపట్టుటకు గడువు కావలెను.

ఇక మాకు ఉత్తరము వ్రాసిన శ్రోతకు మా సమాధానము. అయ్యా, మీరు కొనినది ముఖమును. ఆ కుక్కకు ఊపిరి సులువుగా ఆడుచున్నదా యని, వేసవి మధ్యాహ్నము నాలుగడుగులు నడచి చూపగలదా యని, దాని తల్లి సహజముగా ఈనెనా యని ఎవరును మీకు చెప్పలేదు. అడుగవలెనని మీకు తెలియదు. మొదటి ఈతలో కడుపు కోయవలసి వచ్చినపుడే ఆ తల్లిని ఇక విశ్రాంతిగా నుంచవలసినది. ఆ మాట మీతో చెప్పవలసినవారు కూడ చెప్పలేదని మాకు తోచుచున్నది. మిగిలిన ఆ కూనలలో ఆడుకూన యున్నచో దానిని మీ పిల్లలకు తోడుగా మాత్రమే ఉంచుకొనుడు. అది తల్లి కాకపోయినను దానికి, మీ పిల్లలకు ఏ కొఱతయు ఉండదు. కూనలను పెంచవలెనను కోరిక ఇంకను ఉన్నచో, ఈసారి బజారులో ముఖములను వెదకక, మూడు తరముల ఈతల లెక్క చూపగల ఇంటిని వెదకుడు. అట్టి ఇల్లు దొరకుటకు ఏడాది పట్టినను వేచియుండుడు.

చూలుతో నున్న కుక్కకు, పాలిచ్చు కుక్కకు మన ఇండ్లలో దొరకు వస్తువులతోనే ఎట్టి ఆహారము పెట్టవలెనో రాబోవు ప్రసంగమున ముచ్చటింతుము.